వేళకాని నీటిని ఒల్లని పువ్వు: అమెరికా పడమటి కొండల లూయిసియా

తెలుగువారి పప్పులోకి వచ్చే గంగవాయిలి కూర, పందిరికి పాకే బచ్చలి తీగ, చేను గట్టున ముళ్లకంచెగా నిలిచే నాగజెముడు, పొద్దెక్కాక కుండీలో విచ్చుకునే నాచుపూల మొక్క చూపుకు ఒకదానితో ఒకటి పొత్తు కుదరనివిగా కనిపిస్తాయి. అయినా వృక్షశాస్త్రం వీటిని ఒకే మూలం నుంచి చీలిన దాయాదులుగా గుర్తిస్తుంది. ఆకులోనో కాండంలోనో వేరులోనో నీటిని దాచుకుని ఎద్దడి రోజుల్ని గట్టెక్కే గుణం ఈ వంశంలో పదే పదే కనిపిస్తుంది. ఈ దాయాదుల్లో ఒక శాఖ ఉత్తర అమెరికా పడమటి పర్వతాల్లో మంచుకూ బండకూ మధ్య బతకడం నేర్చుకుంది. ఆ శాఖ పేరు లూయిసియా. ఒకప్పుడు దీన్ని గంగవాయిలి కుటుంబమైన పోర్టులకేసీలోనే చేర్చేవారు. మొక్కల జన్యుపదార్థాన్ని పోల్చి చూసే పద్ధతి బలపడ్డాక, 2009 నాటి వర్గీకరణలో ఇది మాంటియేసీ అనే వేరు కుటుంబంలోకి వెళ్లింది. కుటుంబం పేరు మారినా చుట్టరికం పోలేదు. గంగవాయిలి కాయ నడుము చుట్టూ గీత గీసినట్టు పగిలి, పైభాగం భరిణె మూతలా ఊడి గింజల్ని విడిచినట్టే, లూయిసియా కాయ కూడా అడుగుకు దగ్గరగా చుట్టూ పగిలి టోపీలా ఊడిపోతుంది.

దగ్గరి పోలికలున్న జాతుల సమూహాన్ని ప్రజాతి అంటారు. లూయిసియా ప్రజాతిలో, లెక్కించే పండితుణ్ని బట్టి, పదహారు నుంచి ఇరవై వరకు జాతులున్నాయి. అన్నీ ఉత్తర అమెరికా పడమటి భాగంలోనివే. వీటిని తోటల పెంపకందారులు ఆల్పైన్ మొక్కలంటారు. శాస్త్రపరంగా ఆ మాటకు అర్థం ఇరుకైనది: చలి వల్ల చెట్లు ఎదగడం ఆగిపోయే ఎత్తును వృక్షరేఖ అంటారు, ఆ రేఖకు పైన పెరిగేదే అసలైన ఆల్పైన్ మొక్క. లూయిసియా పిగ్మియా అనే పొట్టి జాతి ఆ అర్థంలో కూడా ఆల్పైన్ మొక్కే కాగా, తోటల్లో ఎక్కువగా కనిపించే లూయిసియా కోటిలీడన్ నదీ కనుమల రాతిగోడల నుంచి ఏడు వేల అడుగుల పైనున్న శిఖరాల దాకా అనేక ఎత్తుల్లో పెరుగుతుంది. అందువల్ల తోటపని పరిభాషలో ఆల్పైన్ అనే మాటను ఎత్తును సూచించే పదంగా కాక, కొండరాళ్ల మధ్య కురచగా, గుబురుగా పెరిగే స్వభావాన్ని సూచించే పదంగా తీసుకోవడమే సబబు.

ఆ కురచదనం పోషణ లోపం కాదు. ఎండ కాసే రోజున బండ పక్కన నేలకు అంగుళం ఎత్తులో ఉండే గాలి, నిలుచున్న మనిషి తల చుట్టూ ఉండే గాలి కంటే గణనీయంగా వెచ్చగా ఉంటుంది. నేలను ఒరుసుకుంటూ పోయే గాలి రాపిడి వల్ల వేగం కోల్పోయి, నేలకు ఆనుకుని దాదాపు నిశ్చలమైన ఒక పలచని పొరను మిగులుస్తుంది. ఆ పొరలో ఒదిగి పెరిగే మొక్కకు వెచ్చదనమూ దక్కుతుంది, ఆకుల నుంచి తేమను లాక్కుపోయే ఈదురుగాలి బెడదా తగ్గుతుంది. మంచు పడితే ఆ కురచ గుబురు మొత్తం దాని కింద దాగుతుంది. వదులుగా పేరుకున్న మంచులో గాలి ఎక్కువగా చిక్కుకుని ఉంటుంది కనుక అది బొంతలా పనిచేసి, పైన కొరికే చలి ఉన్నా కింది నేలను గడ్డకట్టే ఉష్ణోగ్రతకు అటూఇటూగానే నిలుపుతుంది. ఆ బొంత కింద ఉండేది పొడి చలి. తడి చలి కాదు. తోటలో లూయిసియా బతుకుతుందా చస్తుందా అన్నది చాలావరకు ఈ తేడా మీదే తేలుతుంది.

నీటిని దాచుకునే మొక్కను రసభరిత మొక్క అంటారు. నర్సరీల్లో వాడుక మాట సక్యులెంట్. ఇటువంటి మొక్క కణజాలంలో పలుచని గోడలున్న పెద్ద కణాలు నీటితో నిండి ఉంటాయి, వాటిలో జిగురు పదార్థం ఆ నీటిని పట్టి ఉంచుతుంది. బచ్చలి ఆకు తరిగినప్పుడు చేతికి అంటుకునే జిగటే దీనికి ఇంటింటి ఉదాహరణ. గంగవాయిలికి మరో ఉపాయం కూడా ఉంది. ఎద్దడి ముదిరినప్పుడు అది పగటి ఎండలో ఆకు రంధ్రాలను బిగించుకుని, చల్లని రాత్రివేళ తెరిచి, పీల్చుకున్న బొగ్గుపులుసు వాయువును మాలిక్ ఆమ్లంగా నిల్వ చేసుకుంటుంది. ఎండ పొడ తగిలాక ఆ నిల్వ నుంచి చక్కెర తయారు చేసుకుంటుంది. ఎద్దడిలో పెరిగిన గంగవాయిలిని తెల్లవారుజామున కోస్తే పులుపు ఎక్కువగా ఉండటానికి కారణం రాత్రంతా పేరుకున్న ఆ ఆమ్లమే.

లూయిసియాలు ఎద్దడిని దాటే తీరు ప్రధానంగా రెండు రకాలు. లూయిసియా కోటిలీడన్ ఏడాది పొడవునా ఆకులు నిలుపుకునే మొక్క. మందమైన ఆకులు నేల మీద చక్రంలా పరుచుకుని, వాటి కింద కండగల తల్లివేరు రాతి పగులులోకి లోతుగా దిగుతుంది. లూయిసియా రెడివైవా, అంటే ఇంగ్లీషు వాడుకలో బిట్టర్‌రూట్, ఆకుల మీద ఆశ పెట్టుకోదు. శరదృతువు వానలకు సన్నని, గుండ్రని ఆకులు తొడిగి, చలికాలమంతా వాటితోనే గడిపి, మే, జూలై నెలల మధ్య పూలు విచ్చుకునే వేళకు ఆకులను వాడిపోనిచ్చి, పూత ముగిశాక నేల మీద ఆనవాలు లేకుండా వేరులోకి ముడుచుకుంటుంది. మృగశిర కార్తెలో తొలకరి పడి తెలుగునాట గింజ మొలకెత్తే వేళకు అక్కడ ఈ మొక్క నిద్రకు సిద్ధమవుతూ ఉంటుంది. కరువుకు పేరుపడ్డ అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడితే, బిట్టర్‌రూట్ సొంతగడ్డ అయిన మోంటానా రాష్ట్రపు మిజూలా పట్టణంలో వాన, మంచు కలిపినా సుమారు 350 మిల్లీమీటర్లు మించదు. అయినా అసలు తేడా మొత్తంలో లేదు, కాలంలో ఉంది. ఒకచోట ఎండాకాలం దాటగానే నీరు వస్తుంది, మరోచోట ఎండాకాలం మొదలవుతుండగానే నీరు వెళ్లిపోతుంది.

ఈ కాలజ్ఞానం అందరికంటే ముందు తెలిసినవారు ఆ నేల మీది మూలవాసులు. మోంటానాలోని సేలిష్ ప్రజలు బిట్టర్‌రూట్‌ను స్పెట్లెమ్ అంటారు. వసంతంలో మొగ్గ విచ్చకముందు కొద్ది వారాల పాటు మాత్రమే దీని వేరు మీది తొక్క తేలికగా ఊడుతుంది. పువ్వు విచ్చుకున్నాక తొక్క బిగుసుకుని చేదు పెరుగుతుంది. అందుకే స్త్రీలు ఆ కొద్ది వారాల్లోనే తవ్వుకోలతో వేళ్లు తీసి, తొక్క ఒలిచి, లోపల చేదంతా పోగుపడిన చిన్న ఎర్రని గుండెకాయ లాంటి భాగాన్ని తొలగించి, తెల్లని వేళ్లను ఎండబెట్టి దాచేవారు. ఎండిన వేరును ఉడికిస్తే నీరు పీల్చి ఉబ్బి జిగురుగా మారుతుంది; వేసవి నిద్ర కోసం మొక్క దాచుకున్న పిండిపదార్థమే మనిషికి ఆహారమవుతుంది. ఏటా తొలి వేళ్లను ప్రార్థనతో తవ్వి విందు చేసుకునే ఆచారం సేలిష్ ప్రజల్లో నేటికీ సాగుతోంది. అమెరికా ప్రభుత్వంతో 1855లో కుదిరిన హెల్‌గేట్ ఒప్పందం తర్వాత కూడా వారిలో అనేకులు బిట్టర్‌రూట్ లోయను వదలలేదు. చివరికి 1891లో అధిపతి షార్లో నాయకత్వంలో మిగిలినవారు ఆ లోయ విడిచి ఉత్తరాన ప్రభుత్వం మూలవాసులకు కేటాయించిన ఫ్లాట్‌హెడ్ రిజర్వేషన్‌కు తరలక తప్పలేదు. నాలుగేళ్ల తర్వాత, 1895లో, అదే పువ్వును మోంటానా తన రాష్ట్ర పుష్పంగా ప్రకటించుకుంది. ఈ రెండు తేదీలను విడివిడిగా చదవడం ఆ మొక్క చరిత్రకు న్యాయం కాదు.

ప్రజాతికి వచ్చిన పేరు మాత్రం తవ్వినవారిది కాదు. అధ్యక్షుడు జెఫర్సన్ ఆదేశంతో ఖండాన్ని దాటిన అన్వేషక బృందానికి నాయకుడైన మెరివెదర్ లూయిస్, 1805 ఆగస్టు 22న షోషోన్ ప్రజల ఎండు వేళ్లు తన చేతికి రాగా ఉడికించి రుచి చూసి, చేదుకు తాళలేక పక్కనున్న మూలవాసులకే ఇచ్చేశాడు. వారు ఇష్టంగా తిన్నారని దినచర్యలో రాసుకున్నాడు. తిరుగు ప్రయాణంలో, నేటి లోలో పట్టణం దగ్గర ట్రావెలర్స్ రెస్ట్ అని బృందం పేరు పెట్టుకున్న విడిదిలో, 1806 జూలై 1న పూసిన మొక్కలను సేకరించి కాగితాల మధ్య ఎండబెట్టాడు. ఆ నమూనా ఇప్పటికీ ఫిలడెల్ఫియాలోని ప్రకృతి శాస్త్రాల అకాడమీలో ఉంది. జర్మనీ నుంచి వచ్చిన వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ పుర్ష్ దాన్ని పరిశీలించి, 1814లో లండన్‌లో వెలువరించిన ఉత్తర అమెరికా వృక్షసంపద గ్రంథంలో లూయిసియా రెడివైవా అని నామకరణం చేశాడు. రెడివైవా అనే లాటిన్ మాటకు మళ్లీ ప్రాణం పోసుకున్నది అని అర్థం. ఎండిన నమూనాల్లోని వేరులో ప్రాణం ఉందని గమనించి, ఫిలడెల్ఫియా తోటమాలి బెర్నార్డ్ మెక్‌మాన్ తోటలో నాటగా అది చిగిర్చి ఒక ఏడాది బతికింది; ఆ తర్వాత ఏదో ప్రమాదవశాన నశించిందని పుర్షే రాశాడు.

దీనికంటే విచిత్రమైన సంగతి 1863లో ఇంగ్లండ్‌లోని క్యూ ఉద్యానవనం నుంచి వెలువడింది. అమెరికా, బ్రిటిష్ భూభాగాల మధ్య సరిహద్దు కొలిచే బృందంతో వెళ్లిన నౌకాదళ వైద్యుడు డేవిడ్ లయాల్ ఈ మొక్కను సేకరించి, దీని మొండి ప్రాణం గురించి ముందే విని ఉన్నందున, ఎండబెట్టే ముందు మరిగే నీటిలో ముంచాడు. రసభరిత మొక్కలు నొక్కుడు కాగితాల మధ్య కూడా నెలల తరబడి పెరుగుతూ నమూనాను పాడుచేస్తాయి కనుక సేకరణకర్తలు ఇలా చేయడం మామూలే. ఏడాదిన్నర గడిచాక అదే వేరులో జీవలక్షణాలు కనిపించగా క్యూలో నాటారు, ఆ మే నెలలో అది నిండుగా పూసింది. ఆ పువ్వు బొమ్మ అదే ఏడు కర్టిస్ బొటానికల్ మ్యాగజీన్‌లో అచ్చయింది. మరిగే నీటిని తట్టుకున్న వేరు, ఏడాదిన్నర ఎండును తట్టుకున్న వేరు, తోటలో వారం రోజుల పాటు తడిసి చల్లగా నిలిచిన మట్టిలో కుళ్లిపోవడం పెంపకందారులందరూ ఎరిగిన అనుభవమే.

తోట పెంపకానికి బిట్టర్‌రూట్ కంటే కోటిలీడన్ అనువైనది. ఒరెగాన్ దక్షిణ భాగంలోనూ కాలిఫోర్నియా ఉత్తర భాగంలోనూ పరుచుకున్న సిస్కియూ, క్లామత్ పర్వతాలు దీని పుట్టిల్లు. రోగ్ నది కనుమల్లో, నీడ పట్టున ఉత్తరానికి తిరిగిన నిట్టనిలువు రాతిగోడల్లో, మట్టి అనదగ్గది చిటికెడైనా కనిపించని పగుళ్లలో ఇది పూస్తుంది. శాస్త్రనామంలోని కోటిలీడన్ అనే మాటకు బీజదళమనే అర్థమున్నా ఇక్కడ దానితో నిమిత్తం లేదు. అదే పేరుగల మరో రసభరిత మొక్క ఆకులను ఇది పోలి ఉన్నందున 1885లో సెరెనో వాట్సన్ ఆ పేరు పెట్టాడు. ఆకు అంచును బట్టి ఇందులో రకాలను చెబుతారు: అంచు నునుపుగా ఉంటే అసలు కోటిలీడన్, అలలు తిరిగి నలిగినట్టుంటే హావెలీ, రంపపు పళ్లలా ఉంటే హెక్నెరీ.

పువ్వును దగ్గరగా చూస్తే దీని సొగసు అర్థమవుతుంది. ఆకుల చక్రం అంచుల నుంచి జానెడు కాడలు ఏటవాలుగా లేచి, ఒక్కో కాడ కొసన కొమ్మలుగా చీలి పదుల కొద్దీ పూలు మోస్తుంది. ఏడు నుంచి పది రేకలున్న ఒక్కో పువ్వు అంగుళం వెడల్పు ఉంటుంది, రేక నడుమ ముదురు గులాబీ చార, దానికి ఇరుపక్కలా లేత రంగు, అంచున దాదాపు తెలుపు. తోటల్లో సంకరం చేసిన రకాల్లో పసుపు, నారింజ, రాణి రంగుల దాకా వచ్చాయి. మందారంలోనూ గులాబీలోనూ ఎరుపునిచ్చే ఆంథోసయనిన్లు ఈ రంగులకు మూలం కాదు; బీట్‌రూట్‌కూ ఎర్ర తోటకూరకూ కాగితం పూలకూ రంగునిచ్చే బీటలైన్లు అనే వేరు వర్ణద్రవ్యాలు ఇందులో ఉంటాయి. పూమొక్కల్లో ఈ వంశానికే ప్రత్యేకమైన ఆ ద్రవ్యాలు ఎరుపు, ఊదా వైపు ఒక రకంగా, పసుపు, నారింజ వైపు మరో రకంగా ఏర్పడతాయి కనుకనే ఒకే పాదులో నాచుపూలు అన్ని వన్నెల్లో పూసినట్టు లూయిసియాలు కూడా అన్ని వన్నెల్లో పూస్తాయి.

ఇక పెంపకం. తెలుగు రైతు మొదలు కుళ్లు తెగులు అని పిలిచేదే లూయిసియాకు ప్రధాన శత్రువు. వేరూ కాండమూ కలిసే మెడ భాగంలో కణజాలం మెత్తగా, నీటితో నిండి ఉంటుంది. దాని చుట్టూ తడి నిలిస్తే పిథియం, ఫైటోఫ్తొరా వంటి నీటి బూజులు ప్రవేశిస్తాయి. ఇవి నిజమైన శిలీంధ్రాలు కావు. వీటి బీజాలకు తోకలాంటి కశాభాలు ఉండి, మట్టి రేణువుల మధ్యనున్న నీటి పొరలో ఈదుకుంటూ మెడను చేరతాయి. నీటి పొర లేకపోతే ఈదడానికి దారి లేదు. చలికాలంలో మరో ప్రమాదం: గడ్డకట్టే నీరు సుమారు తొమ్మిది శాతం వ్యాకోచిస్తుంది కనుక తడిసిన మెడ పగులుతుంది, ఆ గాయం కుళ్లుకు తలుపు తీస్తుంది. పైనుంచి చూస్తే ఆకులన్నీ పచ్చగా, నిగనిగలాడుతూనే ఉంటాయి, ఒకనాడు చేతితో కదిపితే చక్రం మొత్తం వేరు నుంచి ఊడి చేతికి వస్తుంది. ఆకులో నిల్వ ఉన్న నీరు వారాల పాటు పచ్చదనాన్ని కాపాడటం వల్లనే ఈ మరణం ఆలస్యంగా బయటపడుతుంది.

నీరు త్వరగా ఇంకిపోయే మట్టి కావాలని అందరూ చెబుతారు కాని, ఇంకడమంటే ఏమిటో తెలియకపోతే ఆ సలహా అక్కరకు రాదు. వంటింటి స్పాంజిని నీటిలో ముంచి, అరచేతి మీద బల్లపరుపుగా పట్టుకుంటే కొంత నీరు కారి ఆగిపోతుంది. అదే స్పాంజిని నిలువుగా తిప్పితే ఆగిన చోట నుంచి మళ్లీ కారడం మొదలవుతుంది. సన్నని రంధ్రాలు తమలో కొంత ఎత్తు మేర నీటిని పట్టి ఉంచుతాయి, ఆ ఎత్తు స్పాంజి నిలువునా ఉన్నా అడ్డంగా ఉన్నా ఒక్కటే. నిలువుగా ఉన్నప్పుడు ఆ తడి పట్టీకి పైన పొడిగా మిగిలే భాగం ఎక్కువ. అందువల్ల లూయిసియాకు వెడల్పు పళ్లెం కంటే లోతైన కుండీ మేలు. కుండీ అడుగున పెంకులు వేసే పాత అలవాటు ఇక్కడ మేలుకు బదులు కీడు చేస్తుంది: సన్నని రంధ్రాల మట్టిలోని నీరు పూర్తిగా నిండే దాకా కింది పెద్ద సందుల్లోకి దిగదు కనుక, పెంకులు వేసిన కొద్దీ తడి పట్టీ పైకి, అంటే మెడకు దగ్గరగా జరుగుతుంది.

నర్సరీ నుంచి కొన్న మొక్కలు చచ్చిపోయే రహస్యం కూడా ఇదే. అవి సాధారణంగా పీట్ అనే, బురదనేలల్లో సగం కుళ్లిన నాచు కలిసిన మెత్తని మిశ్రమంలో పెరిగి వస్తాయి. ఆ ముద్దను అలాగే తీసి కంకర మడిలో పెడితే, చుట్టూ కంకర పొడిగా ఉన్నా ముద్ద మాత్రం స్పాంజిలా తడిని పట్టుకుని కూర్చుంటుంది. అందుకే నాటే ముందు ముద్దను నీటిలో మెల్లగా కదిపి పీట్‌లో అధికభాగం కడిగేసి, వేళ్లను నేరుగా గరుకు మిశ్రమంలోకి పరచాలి. మిశ్రమంలో సగానికి పైగా రాతి పదార్థం ఉండాలి: ప్యూమిస్ అనే తేలికైన అగ్నిపర్వత శిల ముక్కలు, గరుకు ఇసుక, భవన నిర్మాణంలో బేబీ చిప్స్ అనే చిన్న కంకర, మిగతాది సున్నం లేని తోటమట్టి, మాగిన ఆకు ఎరువు. బలమైన ఎరువులు వేస్తే ఆకులు ఉబ్బి మెత్తబడి తెగుళ్లకు లొంగుతాయి. ఆకుల చక్రం అడుగున, మెడ చుట్టూ, రెండు మూడు సెంటీమీటర్ల మందాన చిన్న కంకర పరచడం తప్పనిసరి. ఆ పొరలో నీరు నిలవదు, కింది మట్టిలోని తేమ ఎండకు ఆవిరి కాదు, వాన చినుకులకు మట్టి చిమ్మి ఆకులకు అంటదు.

రాతిగోడలో పుట్టిన మొక్కకు రాతిగోడే మంచి చోటు. పలకరాళ్లను నేలలోకి నిలువుగా, దగ్గర దగ్గరగా పాతి, వాటి సందుల్లో మొక్కలు పెంచే చీలిక తోటల పద్ధతి చెక్ దేశపు పెంపకందారుల చేతుల్లో రూపు దిద్దుకుని అమెరికాకు వచ్చింది. కొలరాడోలోని డెన్వర్ చుట్టుపక్కల ఇటువంటి తోటలు ఇప్పుడు చాలాచోట్ల కనిపిస్తాయి. సందులో మొక్కను పక్కకు వంచి నాటితే ఆకుల నడిమి గిన్నెలో వాననీరు నిలవకుండా జారిపోతుంది, మెడ గాలికి ఆరుతుంది, తల్లివేరు మాత్రం రెండు రాళ్ల మధ్య చల్లని తేమను వెతుక్కుంటూ అడుగుల లోతుకు పోతుంది. రాయి పైన వేడెక్కినా లోపల చల్లగా ఉంటుంది. దాని పక్కను అంటుకున్న మట్టి ఆఖరున ఆరుతుంది. పైన పొడి, కింద తేమ అనే ఏర్పాటు మనిషి కుండీలో ఎంత శ్రమపడినా అంత చక్కగా కుదరదు.

నీళ్లు పోయడంలో మొక్క పుట్టింటి క్యాలెండరును అనుసరించాలి. వసంతంలో మొగ్గ తొడిగే నాటి నుంచి పూత ముగిసే దాకా వేళ్ల దగ్గర ధారాళంగా పోయవచ్చు, పూత అయ్యాక తగ్గించాలి. కోటిలీడన్‌కు నడివేసవిలో ఆకులు కొద్దిగా ముడుచుకున్నాక ఒకసారి తడిపితే చాలు, బిట్టర్‌రూట్‌కు ఆ నెలల్లో చుక్క కూడా వద్దు. శరత్కాలంలో కోటిలీడన్ కొన్నిసార్లు రెండో విడత పూస్తుంది. మంచుకు బదులు వాన కురిసే శీతాకాలం ఉన్నచోట మొక్కకు పైన గాజు పలక అడ్డుపెట్టి, పక్కలు గాలికి తెరిచి ఉంచాలి. పేనుబంక, పిండినల్లి, పెంకులేని నత్తలు పూకాడల మీదకు వస్తాయి; వాటిని వదిలించడం కుళ్లును వదిలించినంత కష్టం కాదు.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారి పెరళ్లలో గోంగూర, సొర, కాకర, కుండీల్లో మల్లె ఎలాగూ ఉంటాయి. రాతి మూల ఒకటి ఖాళీగా ఉన్నచోట లూయిసియా చక్కగా ఒదుగుతుంది, అయితే ఊరిని బట్టి కథ మారుతుంది. అమెరికా వ్యవసాయశాఖ 1960లో తొలిసారి వెలువరించి, ఇటీవల 2023లో సవరించిన శీతల మండలాల పటం ప్రకారం మొక్కలను ఎంచుకోవడం అక్కడ రివాజు. కోటిలీడన్‌కు నాలుగు నుంచి ఎనిమిది మండలాలు అనువని నర్సరీ చీటీల మీద ఉంటుంది. కాని ఆ పటం చలికాలపు కనిష్ఠ ఉష్ణోగ్రతను తప్ప మరి దేన్నీ చెప్పదు. సియాటిల్, డాలస్ నగరాలు ఆ పటంలో ఇంచుమించు ఒకే మండలంలో ఉన్నా, మొదటిచోట వేసవి పొడిగా, రాత్రులు చల్లగా ఉంటాయి, రెండోచోట వేసవి రాత్రులు కూడా సెగలు కక్కుతాయి. వేడి రాత్రుల్లో మొక్క శ్వాసక్రియలోనే పగలు కూడబెట్టిన చక్కెరను ఖర్చు చేసుకుని నీరసిస్తుంది. కనుక బెల్‌వ్యూ, పోర్ట్‌లాండ్, డెన్వర్ పరిసరాల్లో ఆరుబయట రాతిమడిలో సులువుగా సాగే పెంపకం, వేసవి ఉక్కపోత ఉన్న న్యూజెర్సీలో తూర్పు ఎండ మాత్రమే తగిలే గోడసందులోనో లోతైన కుండీలోనో చేయవలసి వస్తుంది. టెక్సస్‌లో దీన్ని వసంతకాలపు అతిథిగా మాత్రమే భావించడం మంచిది.

మొక్కలను నర్సరీల నుంచే తెచ్చుకోవాలి. ఒరెగాన్‌లోని మెడ్‌ఫర్డ్‌లో లారెన్స్ క్రాకర్, బాయ్డ్ క్లైన్ 1963లో స్థాపించిన సిస్కియూ అరుదైన మొక్కల నర్సరీ వంటి సంస్థలు, 1934లో ఏర్పడిన అమెరికన్ రాక్ గార్డెన్ సొసైటీ వంటి సంఘాలు ఈ కొండమొక్కలను గింజ నుంచి పెంచే పద్ధతిని వ్యాపింపజేశాయి. కొండ మీద పగులులోంచి పెకలించిన మొక్కకు తల్లివేరు తెగిపోతుంది, అది తోటలో బతకడం అరుదు. జాతీయ పార్కుల్లో మొక్కలు తీయడం నిషిద్ధం కూడా. వాషింగ్టన్ రాష్ట్రపు వెనాచీ కొండల్లోని ఒక కొద్దిపాటి ప్రాంతంలోనే ప్రధానంగా కనిపించే, లేత ఆప్రికాట్ రంగు పెద్ద పూలు పూసే ట్వీడీ లూయిసియా వంటి వాటి విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

గింజ నుంచి పెంచడం ఓపికగల పని. ఎండిన కాయ టోపీ ఊడగానే నల్లగా మెరిసే గింజలను ఏరి, శరత్కాలంలోనే లోతైన కుండీలో చల్లి, పైన చిన్న కంకర పలుచగా కప్పి, ఆరుబయట చలికి వదిలేయాలి. కొత్త గింజలో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను మొలకను అణచి ఉంచుతుంది. తేమతో కూడిన చలిలో రెండు మూడు నెలలు గడిచాక దాని పట్టు సడలి, మొలకెత్తించే గిబ్బరెలిన్లు పైచేయి సాధిస్తాయి. ఈ అణచివేత లేకపోతే తొలి శరత్కాలపు వానకే మొలిచిన పసిమొక్క డిసెంబరు చలికి బలైపోయేది. చలి సరిగా పడని ఊళ్లలో తడి ఇసుకలో కలిపిన గింజలను ఫ్రిజ్‌లో సుమారు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అంతకాలం ఉంచినా అదే ఫలితం వస్తుంది. కోటిలీడన్ రెండో ఏటనో మూడో ఏటనో పూస్తుంది, బిట్టర్‌రూట్ ఇంకా ఆలస్యం చేస్తుంది. తొలి వసంతంలో గింజల్లో కొన్నే మొలిచి తక్కినవి కదలకపోతే ఆ మట్టిని పారబోయకూడదు. కుండీని నీడపట్టున వేసవంతా పొడిగా ఉంచి, మరో చలికాలం బయట గడవనిస్తే, మిగిలిన గింజల్లో చాలా భాగం రెండో వసంతంలో మొలుస్తాయి.